పారమ్మ వేసిన ముడులు

నేను ఒక బ్రష్‌ని. పళ్ళు తోముకునేది కాదు, బూట్లకు పాలిష్ పెట్టేదీ కాదు. డ్రై క్లీనింగ్ షాపులో బట్టల మీది మరకలు తీసే బ్రష్‌ని. బట్టల్ని మిషన్లో వెయ్యకముందే మరక ఎక్కడుందో చూసి, దానికి తగిన మందు ఒక చుక్క వేసి, నాతో మెల్లగా తట్టి లేపుతారు. రుద్దకూడదు. రుద్దితే పట్టు నలిగి తెల్లగా పొలుసు లేస్తుంది. తట్టి తట్టి నా వెంట్రుకలు సగానికి అరిగాయి.

నా పిడి టేకుది. వెంట్రుకలు పందివి. ఈ రెండో సంగతి షాపులో అందరికీ తెలుసు, బయట ఎవరికీ తెలియదు. మడిబట్ట, కాస్త చూసి చెయ్యండి అని చెప్పి మరీ ఇచ్చివెళ్ళే పెద్దమనుషుల పట్టుపంచెలన్నీ నా కింద నుంచే వెళ్ళాయి. వాటిని కట్టుకుని వాళ్ళు పూజలో కూర్చుంటారు. దేవుడు ఇంతవరకు ఏమీ అన్నట్టు లేదు.

కాన్పూరులో ఒక ఇరుకు కార్ఖానాలో నన్ను తయారు చేశారు. పుట్టిన పదిహేను రోజులకే రైలెక్కి విజయనగరం వచ్చాను. గంటస్తంభం దగ్గర సందులో ఉన్న ఈ షాపులో అప్పుడు కరీం సాయిబు అనే పెద్దాయన మరకలు తీసేవాడు. ఆయన నన్ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు వెంట్రుకల్ని తన చెంపకు ఆనించుకుని చూశాడు. నచ్చాను కాబోలు, తెల్లపట్టుకు మాత్రమే నన్ను వాడాలని నిర్ణయించి, నా పిడికి చిల్లు పొడిచి, నైలాను తాడుతో బల్లకాలికి కట్టేశాడు. ఇంకొకళ్ళు తీసుకెళ్ళి ఏ నల్లకోటుకో వాడేస్తారని ఆయన భయం. తాడు బారెడు పొడవు. బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళగలను. అంతకు మించి ఈ ముప్పై ఏళ్ళలో నేను ఎక్కడికీ వెళ్ళలేదు.

గదికి ఒక కిటికీ ఉండేది. పక్కన హోటల్ వచ్చాక తాలింపు వాసన బట్టలకు పడుతోందని యజమాని నాగభూషణం గారు దానికి చెక్క కొట్టించేశారు. అప్పటి నుంచి పగలైనా ట్యూబ్‌లైటే. లోపలి మందుల వాసన బయటికి పోయే దారి కూడా అదే చెక్కతో మూసుకుపోయింది.

కరీం సాయిబుకు సాయంగా తౌడయ్య వచ్చింది కిటికీ మూసిన ఏడాదే. ఏటిరేవులో తాతముత్తాతల నుంచీ బట్టలుతికిన ఇల్లు వాళ్ళది. చేతులు గట్టివి, మాట మెత్తన. సాయిబు అతనికి నేర్పిన మొదటి పాఠం మరకను చూడొద్దని. ముందు వాసన చూడాలి, తరవాతే కంటితో చూడాలి. ఎందుకంటే గోధుమరంగు మరక కాఫీ కావచ్చు, పాత రక్తం కావచ్చు, నూనె కావచ్చు. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకొకదాన్ని బట్టలోకి శాశ్వతంగా దింపేస్తుంది. ఇచ్చినవాళ్ళను అడుగుదామా అంటే, మనుషులు మరకల విషయంలో నిజం చెప్పరు. బ్రాందీ పడితే దగ్గుమందు అంటారు. ఇంట్లో నిమ్మకాయ, ఉప్పు, సున్నం అన్నీ పెట్టి రుద్ది తెచ్చి, అసలు నీళ్ళే తగలనివ్వలేదండీ అంటారు. అందుకని ముక్కే దిక్కు.

సాయిబు పోయాక పద్దెనిమిదేళ్ళు నేను తౌడయ్య చేతిలోనే ఉన్నాను. అతని ముక్కుకు ఊళ్ళో పేరొచ్చింది. చీర మడత విప్పకుండానే లోపల నెయ్యి పడిందని చెప్పేవాడు. శ్రీకాకుళం నుంచి కూడా పెళ్ళిచీరలు వచ్చేవి.

ఆ ముక్కు పోయింది. ఒక్కరోజులో కాదు, మెల్లమెల్లగా, టర్పెంటైనూ అమ్మోనియా మధ్య. ఎప్పుడు పూర్తిగా పోయిందో నాకు తెలిసినంతగా అతనికి కూడా తెలియదు. ఒక మధ్యాహ్నం కిరసనాయిలు పడ్డ చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. తరవాత గుమ్మం వైపు చూసి, ఎవరూ లేరని నిశ్చయం చేసుకుని, మరకకు నాలుక ఆనించాడు.

నెల రోజులు అలా నాలుకతో నెట్టుకొచ్చాడు. ఊరి మనుషుల అన్నం, కూర, చెమట, మందు అన్నీ రుచి చూశాడు. ఒకరోజు అతని భార్య పారమ్మ టీ పట్టుకుని లోపలికొచ్చి చూసేసింది.

పారమ్మ షాపులో ముందు భాగంలో పనిచేస్తుంది. వచ్చిన ప్రతి బట్టకూ నంబరు రాసిన గుడ్డముక్క సూదితో కుడుతుంది. ఆ గుడ్డముక్క లేకపోతే ఎవరి బట్ట ఎవరిదో బ్రహ్మకు కూడా తెలియదు.

"సీ, ఏటా పని మావా," అంది.

తౌడయ్య చెప్పాడు. చెప్పి, సావుకారుకు తెలిస్తే తన పని అయిపోయినట్టేనని కూడా చెప్పాడు. ముక్కు లేని మరకలమనిషిని ఎవరు పెట్టుకుంటారు? ఏటిరేవుకు తిరిగి వెళ్దామంటే అక్కడ ఏరే లేదు, ఇసుక ఉంది.

పారమ్మ టీ గ్లాసు బల్ల మీద పెట్టి కాసేపు ఆలోచించింది. మర్నాటి నుంచి ఆమె నంబరు గుడ్డ కుట్టేటప్పుడు బట్టను ఒకసారి మొహం దాకా ఎత్తేది, దారం కొరుకుతున్నట్టు. తరవాత దారం చివర ముడులు వేసేది. ఒక ముడి అంటే నూనె. రెండు అంటే పాలు, గుడ్డు, రక్తం లాంటివి. మూడు అంటే టీ, కాఫీ, పళ్ళరసం. నాలుగు అంటే పసుపు. తౌడయ్య లోపల ఆ దారాన్ని వేళ్ళతో తడుముకుని, పైకి మాత్రం బట్టను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చేవాడు. చూసేవాళ్ళకు అదే పాత తౌడయ్య.

ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. ముక్కు ఆమెది, చెయ్యి అతనిది, పేరు అతనిది. ఒక్క తప్పు జరగలేదు. ఒక్క సెలవూ లేదు. ఆమెకు జ్వరమొస్తే అతను కూడా జ్వరమని పడుకోవాలి. చెల్లెలి కూతురి సమర్తకు పార్వతీపురం వెళ్దామంటే ఇద్దరూ కలిసి వెళ్ళాలి, ఇద్దరికీ ఒకేసారి సెలవు ఎవరిస్తారు? నేను తాడుతో కట్టుబడ్డదాన్ని కాబట్టి వాళ్ళ బాధ నాకు కొత్తగా అనిపించలేదు. నా తాడు కనిపిస్తుంది. అంతే తేడా.

మొన్న మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యే ముందు పారమ్మకు ఒక కాగితం వచ్చింది. పెద్దాసుపత్రిలో దుప్పట్లు, రోగుల బట్టలు లెక్కచూసి వార్డులకు పంపే గదిలో ఉద్యోగం. ఏడో తరగతి చాలన్నారు, ఆమె ఏడు చదివింది. సోమవారం పది గంటల్లోపు వచ్చి చేరకపోతే తరవాతి పేరుకు ఇచ్చేస్తామని రాశారు.

ఆ కాగితం ఆమె మా గదిలోనే, నా పక్కనే పరిచింది.

"ఆ గదికి మూడు కిటికీలున్నాయంట మావా. ఆదివారం సెలవంట."

తౌడయ్య సీసాల మూతలు బిగిస్తూ ఉండిపోయాడు.

"నాకు ఉద్యోగం సరదా కాదు. నీ ముక్కు పోయినట్టే నాదీ పోతాది. అన్నం ఉడుకుతుంటే మునుపట్నాగ కమ్మగా తెలస్తా నేదు. అప్పుడిద్దరం ఏటి సేస్తాం?"

తౌడయ్య నన్ను తీసి, ఏ బట్టా లేని బల్ల మీద తట్టాడు. ఆమెను వెళ్ళొద్దనలేడు. వెళ్ళమంటే మంగళవారానికల్లా తను బజార్న పడతాడు. ఏదీ అనకుండా నాలుగు రోజులు మొహం ముడుచుకుని తిరిగాడు. అలిగినవాడి మౌనంలా కనిపించింది గాని అది భయం. మగవాళ్ళకు ఆ రెండూ ఒకే మొహంతో రావడం నేను ఈ షాపులో చాలాసార్లు చూశాను.

శుక్రవారం పొద్దున ఒక కారు డ్రైవరు పట్టుపంచె తెచ్చాడు. పెళ్ళికూతురి తండ్రిది. పెళ్ళి అయిపోయింది, ఆదివారం సాయంత్రం అబ్బాయివారింట్లో విందుకు అదే పంచె కట్టుకోవాలి. ముందు భాగాన అరచేతి మేర లేత గోధుమరంగు మరక. ఏంటని అడిగితే డ్రైవరు పాయసం అయ్యుంటాదన్నాడు. పెళ్ళిలో ఇంకేం ఒలుకుతుంది అన్నాడు.

పంచె నా బల్ల మీదికి వచ్చింది. దారానికి రెండు ముడులు.

తౌడయ్య తడుముకున్నాడు. అలవాటు ప్రకారం గట్టిగా పీల్చాడు. పాల మరకకు వేసే సబ్బుసోడా సీసా తీశాడు. ముందు నన్ను పొడిగా ఒకసారి తట్టాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు ముక్కు లేదు గాని మరకలు తెలుస్తాయి. పాయసం వెంట్రుకకు అంటుకుంటుంది, పొడి రాలుతుంది. నూనె జారుతుంది. ఇది అంటుకోలేదు, రాలలేదు, జారలేదు. దారం లోపలికంటా వెళ్ళి కూర్చుంది. అలా కూర్చునేది ఒక్కటే. అది పసుపు, ఏ పులుసులోనో కలిసి గోధుమరంగుకు తిరిగింది. నాకు తెలిసింది. ఎవరికి చెప్పను? తెలిసీ నోరు లేకపోవడం ఎలాంటిదో ఆ ఒక్క నిమిషంలో నాకు పూర్తిగా అర్థమైంది.

సోడా చుక్క పడింది. గోధుమరంగు మీద కుంకుమ ఒలికినట్టు ఎర్రగా విచ్చుకుంది. పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో పారాణి పెట్టిన ప్రతి చెయ్యికీ తెలుసు. సోడా చేసేదీ అదే. తౌడయ్యకు తెలియదా? తెలుసు. కానీ రెండు ముడులున్నాయి కదా. ఎనిమిదేళ్ళలో ఆ దారం ఒక్కసారి తప్పు చెప్పలేదు. అందుకని అది పసుపని అతనికి తట్టనే లేదు. అంచు రంగు కారిందనుకున్నాడు. కారిన రంగును బయటికి తోసేద్దామని ఇంకా సోడా పోశాడు. నన్ను తట్టాడు, తట్టాడు. మరక అరచేతి నుంచి విస్తరాకంత అయింది.

అతని చేతిలో చెమట నా పిడికి తెలిసింది. "ఒలే పారీ," అని పిలిచాడు. అరవలేదు. ఆ పిలుపు వింటేనే ఆమె సూది వదిలేసి వచ్చింది.

చూడగానే ఆమెకు తెలిసిపోయింది. "పసుపు," అంది.

"రెండు ముడులేసినావు."

పారమ్మ గోడకు ఆనుకుంది. ఆమె గొంతు ముద్దగా ఉండటం అప్పుడు గమనించాను. మూడు రోజుల నుంచి ఆమెకు వాసన తెలియడం లేదు. జలుబు అయ్యుండవచ్చు. కానీ జలుబే అని ఆమె నమ్మలేకపోయింది. తన ముక్కు కూడా పూర్తిగా పోయిందని గట్టిగా అనుకుంది. అది భర్తకు చెబితే ఇంకా కుంగిపోతాడని చెప్పలేదు. డ్రైవరు మాట నమ్మి రెండు ముడులు వేసింది. అతను సావుకారు దగ్గర దాచాడు, ఆమె అతని దగ్గర దాచింది.

వాళ్ళిద్దరూ అలా నిలబడి ఉండగా నాగభూషణం గారు గుమ్మంలోకి వచ్చారు. ఆయన చెడ్డవారు కాదు. గట్టిగా తిట్టడం కూడా ఎరగరు. ఎర్రబడ్డ పంచె చూశారు, దారం ముడులు చూశారు, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

తౌడయ్య ఇక దాచలేదు. "బాబూ, నాకు వాసన తెల్దు. ఎనిమిదేళ్ళయినాది," అన్నాడు. ముడుల సంగతి కూడా చెప్పబోయాడు.

"తెలుసు," అన్నారు నాగభూషణం గారు.

ఆయన గోడ అవతలి హోటల్ వైపు చెయ్యి చూపారు.

"ఆరేళ్ళ కిందట పక్క హోటల్లో గేసు లీకయ్యింది, గుర్తుందా? ముక్కు మూసుకుని అందరం రోడ్డు మీదికి పరిగెత్తాం. నువ్వొక్కడివే ఇక్కడ కూర్చుని ఆ బ్రష్ తడుతున్నావు. ఆ రోజే అర్థమైంది. తరవాత నాలుగు రోజులు పారమ్మను చూశాను. మిగతాదీ అర్థమైంది."

"మరి సెప్పనేదేటి బాబూ?" అంది పారమ్మ.

"ఎందుకు చెప్పాలి? పని బాగానే నడుస్తోంది. చెబితే వీడు బెదిరిపోయి మానేస్తాడు. చెప్పకపోతే ఇద్దరూ ఉంటారు." ఆయన ఇది దాపరికం లేకుండా, ధర చెప్పినట్టు చెప్పారు. ఆ మాటలో తప్పుందని ఆయనకు తోచలేదు. "ఆసుపత్రి కాగితం సంగతి కూడా విన్నాను. నువ్వెళ్తే వీడితో నాకేం పని, నువ్వే చెప్పు. ఆలోచించుకోండి. ముందు ఆ పంచె సంగతి చూడండి."

వాళ్ళు ఆరేళ్ళుగా దాక్కున్నది తలుపు తీసి ఉన్న గదిలో. ఆ కాపలా అంతా, ఆ జ్వరాలన్నీ, వెళ్ళని ఆ సమర్తా ఎవరి లాభం కోసమో పారమ్మకు అప్పుడు తెలిసింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వెనిగర్ సీసా అందుకుంది.

పులుపు పడగానే ఎరుపు తిరిగి పసుపైంది. ఆ పసుపును తీసే మందు మాత్రం ఏ సీసాలోనూ లేదు. ఎండకే పోతుంది అది. తడిపంచెను ఇద్దరూ చెరోవైపు పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్ళారు. నేను తాడుతో పాటు బల్ల దగ్గరే ఆగిపోయాను. శుక్రవారం, శనివారం వాళ్ళు పైనే ఉన్నారు. పట్టు కమిలిపోకుండా పంచె మిగతా భాగమంతా గుడ్డతో కప్పి, మరకకు మాత్రం ఎండ తగలనిస్తూ, ఆరినప్పుడల్లా తడుపుతూ కూర్చున్నారట. ఎనిమిదేళ్ళలో అంతసేపు ఒక్కచోట తీరిగ్గా కూర్చోలేదని తరవాత అతను అంటుంటే విన్నాను. ఆదివారం మధ్యాహ్నానికి పంచె వెళ్ళిపోయింది. ఎండలో పెట్టి చూస్తే తప్ప కనిపించనంత లేత నీడ ఒకటి మిగిలింది. విందులు ఎండలో జరగవు.

సోమవారం పొద్దున పారమ్మ రోజూలాగే క్యారేజీ పట్టుకుని షాపుకే వచ్చింది. తన పీట మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంది. తొమ్మిది దాటింది. నా గదిలోంచి ఆమె వీపు కనిపిస్తుంది. నాగభూషణం గారు కౌంటరు దగ్గర పేపరు చదువుతున్నారు. ఆయనకు గెలిచిన సంతోషం కూడా లేదు, ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నారు.

తౌడయ్య నన్ను బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళాడు. ఆమె చేతిలోని సూది తీసుకున్నాడు.

"ఎల్లు. గంటస్తంభం కాడ ఆటోలుంటాయి."

"నీకు మరకలెవరు సెప్తారు?"

"అడుగుతాను."

"ఎవలు నిజం సెప్తారు మావా?"

"ముందు నా నిజం సెప్తాను. అప్పుడు సూద్దాం."

పారమ్మ సావుకారు వైపు చూసింది. ఆయన పేపరు దించలేదు. పెళ్ళిళ్ళ రోజులు, వెనక గదిలో నూటయాభై చీరలు. ఆ రోజుకు ఆయన తౌడయ్యను పొమ్మనలేరు. మర్నాడు సంగతి మర్నాడు. ఆమె లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, క్యారేజీని పీట మీదే వదిలేసి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూసిందో లేదో నాకు గోడ అడ్డు.

పదిన్నరకు ఒకామె వంగపండు రంగు పట్టుచీర తెచ్చింది. సాంబారు పడిందని చెప్పింది. తౌడయ్య చీర అందుకోలేదు.

"అమ్మా, నాకు ముక్కు పనిసెయ్యదు. వాసన తెల్దు. తమరేటి సెప్తే ఆ మందే ఏస్తాను. తప్పు సెప్తే సీర పాడైపోద్ది. పాడైతే నాకు ఇక్కడ పనుండదు."

పేపరు అప్పుడు దిగింది. బట్టలిచ్చేవాళ్ళతో అలా మాట్లాడిన మనిషిని నాగభూషణం గారు ఎప్పుడూ చూసి ఉండరు. ఆమె కూడా చూసి ఉండదు. చాలాసేపు కొంగు చివర మడిచి విప్పింది. తరవాత గొంతు తగ్గించి, మా ఆయన తాగొచ్చి కక్కాడు, ఇంట్లో బ్లీచింగు కొంచెం పెట్టాను, అంది. ఎంత పెట్టిందీ, ఎంతసేపు ఉంచిందీ అన్నీ చెప్పింది. అడగనివి కూడా కొన్ని చెప్పింది.

అందరూ అలా చెప్పారని కాదు. అబద్ధాలు ఆగలేదు. రెండు చీరలు పాడయ్యాయి కూడా. రెండోదాని రోజున నాగభూషణం గారు లెక్క చూస్తానని తౌడయ్యను కౌంటరు ముందు గంటసేపు నిలబెట్టారు, చివరికి ఏమీ అనలేదు. విశాఖపట్నం నుంచి ముక్కున్న మనిషి ఎవరైనా వస్తాడేమోనని ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. కిటికీకి కొట్టిన చెక్క అలాగే ఉంది. తౌడయ్యకు ఈ పని ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు, నా వెంట్రుకలు ఎన్నాళ్ళుంటాయో కూడా తెలియదు. మేమిద్దరం లోపలే ఉన్నాం.

పారమ్మ సాయంత్రం ఆరింటికి ఆసుపత్రి నుంచి వస్తుంది. జలుబు జలుబే అని తేలింది, వారం రోజుల్లో తగ్గిపోయింది. దార్లో ఎవరింట్లో ఏం కూరో చెబుతూ వస్తుందట. షాపులోకి అడుగుపెట్టదు, వీధిలో నిలబడే పిలుస్తుంది.

ఒక్కరోజు మాత్రం వాన వల్ల లోపలికి వచ్చింది. నా బల్ల పక్కన నిలబడి తల తుడుచుకుంటూ, అక్కడున్న పట్టురవికను అలవాటు కొద్దీ మొహం దాకా ఎత్తింది. తౌడయ్య ఆమె చేతిలోంచి దాన్ని మెల్లగా లాక్కున్నాడు.

"నువ్వు సూడొద్దు," అన్నాడు. "అడిగినాను. సెప్పినారు."

రవికను బల్ల మీద పరిచి, నన్ను అందుకున్నాడు.